పనిదొంగకు వాత పెట్టే గుణమే లేకుంటే మనుషుల్లో సహకారం నిలిచేదా?

ఎదురుగాలి:
నా వాదన ఒక్కటే. మనుషులు కలిసి బతకడం మంచితనం వల్ల నిలవలేదు, ఎగ్గొట్టేవాడికి వాత పెట్టే గుణం వల్ల నిలిచింది. రక్తసంబంధం ఉన్నచోట సాయం ఎందుకు పుడుతుందో 1964లోనే జీవశాస్త్రవేత్త హామిల్టన్ లెక్కగట్టి చూపించాడు. మరి ఏమీ కానివాళ్ల మధ్య?

2002లో ఆర్థికవేత్తలు ఫెర్, గేక్టర్ అచ్చువేసిన ప్రయోగం చూడండి. నలుగురేసి గుంపులు, తలా 20 యూనిట్ల డబ్బు. ఉమ్మడి ఖాతాలో ఒకటి వేస్తే నలుగురికీ 0.4 చొప్పున వస్తుంది. వేసినవాడికి 0.6 నష్టం, గుంపుకి మొత్తంగా లాభం. శిక్ష లేని ఆటలో రౌండు గడిచేకొద్దీ ఖాతా ఎండిపోయింది. తన జేబులోంచి ఒకటి ఖర్చుపెడితే ఎదుటివాడికి మూడు కోత పెట్టొచ్చు అనగానే నిండసాగింది. ప్రతి రౌండుకీ గుంపులో మనుషులు మారిపోతారు, కాబట్టి శిక్షించినవాడికి తర్వాత కలిసొచ్చేదేమీ లేదు. అయినా శిక్షించారు.

రాత్రిపక్షి:
మరి రక్తం తాగే గబ్బిలాలో? రెండు మూడు రాత్రులు వరసగా ఆహారం దొరక్కపోతే అవి చచ్చిపోతాయి. ఆకలితో ఉన్న పక్కదానికి తాగిన రక్తాన్ని కక్కి పెడతాయి. 1984లో జీవశాస్త్రవేత్త విల్కిన్సన్ రాశాడు. వాతల్లేవు, కోతల్లేవు.

సగటుమనిషి:
అవన్నీ చుట్టాలండీ.

రాత్రిపక్షి:
అన్నీ కాదు. చుట్టాలు కాకపోయినా ఒకే గూట్లో కలిసుండేవాటికీ పెట్టాయి.

వేపచెట్టు:
ఎదురుగాలి గారూ, సగం కథ చెప్పి ఆపేశారు. అదే తరహా ఆటను తర్వాత 16 నగరాల్లో ఆడించారు, 2008లో ఫలితాలు వచ్చాయి. ఏథెన్స్, మస్కట్ లాంటి చోట్ల ఖాతాలో బాగా వేసినవాళ్లకే కోతలు పడ్డాయి! మరి శిక్షించే గుణం సహకారాన్ని నిలబెట్టిందా, కూల్చిందా? వాత పెట్టేవాడు న్యాయం కోసమే పెడతాడని మీకెవరు చెప్పారు? కక్షతో పెట్టొచ్చు, "నువ్వొక్కడివే మంచోడివా" అన్న ఉక్రోషంతో పెట్టొచ్చు. మీరేమో శిక్షించేవాణ్ణి తీసుకెళ్లి పీఠం మీద కూర్చోబెడుతున్నారు.

ఎదురుగాలి:
పీఠమా? నాకు జరిగింది చెప్తాను వినండి. ఆఫీసులో మాది ఐదుగురి టీమ్. ఒకతను రెండు నెలలపాటు రోజూ నాలుగింటికే బ్యాగ్ సర్దేసేవాడు. అతని పని మా నలుగురి నెత్తిన పడేది. మిగతా ముగ్గురూ నా చెవిలో ఒకటే పోరు, "నువ్వు చెప్పు, నీ వెనక మేమున్నాం" అని. చెప్పాను. మీటింగ్‌లో మేనేజర్ "ఇంకెవరికైనా ఇబ్బంది ఉందా?" అని అడిగారు. ఒకరు ఫోన్ తిరగేసి బల్లమీద పెట్టి, మళ్లీ తీసి చూసుకున్నారు. ఇంకొకరు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నారు. మూడో మనిషి అసలు తలే ఎత్తలేదు. మర్నాటి నుంచి నన్ను భోజనానికి పిలిచిన నాథుడు లేడు.

రెండో అంచె ఎగవేత అంటే ఇదే. పని ఎగ్గొట్టేవాడు ఒకడు, వాణ్ణి నిలదీసే పనిని ఎగ్గొట్టేవాళ్లు ముగ్గురు. జీవపరిణామం గురించి ఎంత సిద్ధాంతం చెప్పినా చివరికి ఈ ముడి దగ్గరే ఆగాలి.

కొత్తమొలక:
ఆఫీసు గొడవకీ పరిణామానికీ ఏంటండీ సంబంధం 🙄

రాత్రిపక్షి:
2013లో కార్టర్, విల్కిన్సన్ మళ్లీ చూశారు. ఏ గబ్బిలం ఎవరికి పెడుతుందన్నది చుట్టరికం కంటే, ఇదివరకు దానికి ఎవరు పెట్టారన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలింది. ఇప్పుడేమంటారు?

వేపచెట్టు:
ఎదురుగాలి గారూ, అతను నాలుగింటికి ఎక్కడికి వెళ్లేవాడు?

ఇంత సూటిగా ఎందుకు అడుగుతున్నానంటే, వేరే ఆఫీసులో ఆ బ్యాగ్ సర్దింది నేను. మా నాన్నకి డయాలసిస్. టీమ్‌లో ఒక్కరూ "ఏమైంది?" అనలేదు. నేరుగా మెయిల్ వచ్చింది, "మీ పనితీరుపై ఫిర్యాదు అందింది" అని. ఆస్పత్రి వరండాలో నిలబడి చదివాను.

ఉమ్మడి వనరుల మీద చేసిన పనికి ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో నోబెల్ ఇచ్చారు. చాలాకాలం నిలిచిన వ్యవస్థల్లో ఆమె చూసినదేంటి? మొదటి తప్పుకి శిక్ష చాలా చిన్నది, మళ్లీ మళ్లీ చేస్తేనే పెరుగుతుంది. మీరు మొదటి మెట్టు ఎక్కకుండానే పైమెట్టు మీదకి దూకారు.

సగటుమనిషి:
మీరే ముందు చెప్పుకోవచ్చుగా మేడమ్?

వేపచెట్టు:
చెప్పుకోవాలనిపించే మనుషులైతే చెప్పేదాన్నే.

ఎదురుగాలి:
ఆస్ట్రమ్‌ని నేనూ చదివాను. స్విట్జర్లాండ్‌లోని తోర్బెల్ గ్రామంలో 1517 నాటి నియమం ఉంది. చలికాలమంతా మేపగలిగినన్ని ఆవుల్నే వేసవిలో ఉమ్మడి కొండమేతకి తోలాలి. మీరినవాళ్లకి జరిమానా వేసే అధికారికి అందులో సగం సొంతానికి దక్కేది. సగం! శిక్షించడం దండగమారి పని అని ఆ ఊరికి తెలుసు కాబట్టే కూలి ఇచ్చింది. నాకేం ఇచ్చారు? ఒంటరి భోజనం.

ఇక మీ ప్రశ్న. అతను ఎక్కడికి వెళ్లేవాడో నేను అడగలేదు. మిగతా ముగ్గురూ అడగలేదు కదా, నన్నొక్కణ్ణే అంటారేం?

వేపచెట్టు:
వాళ్లు నోరెత్తలేదని రెండో అంచె ఎగవేత అన్నారు. మరి అడగడం అనే పనిని నలుగురూ ఎగ్గొట్టారు. అది ఎన్నో అంచె?

ఎదురుగాలి:
ఇప్పుడు అడుగుదామన్నా అతను లేడండీ. ఉద్యోగం మానేసి ఏడాది దాటింది.

సగటుమనిషి:
రాత్రిపక్షి గారూ, ఆ 2013 ప్రయోగం బంధించి పెంచిన గబ్బిలాల మీద కదా చేసింది? అడవిలో ఉండేవాటికి ఎలా వర్తిస్తుంది?