మన జూట్ మిల్లుల్లో, రైల్వేలో ఫుట్‌బాల్ జట్లు ఉండేవా?

వచ్చే శనివారం విజయనగరంలో మా డిగ్రీ కాలేజీ సెమినార్‌లో 15 నిమిషాలు మాట్లాడాలి, అంశం తెల్లదొరల పాలన, పేదా గొప్పా తేడాలు, ఫుట్‌బాల్. బయటి కథంతా దొరికింది. 1883లో ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే మిల్లు ఊరి జట్టు ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఈటన్ అనే స్కూల్లో చదువుకున్న పెద్దింటివాళ్ల జట్టుని 2-1తో ఓడించింది. 1911లో కలకత్తాలో మోహన్ బగాన్, దాదాపు అందరూ వట్టికాళ్లతోనే ఆడి, తెల్ల సైనికుల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ మీద అదే 2-1తో ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది.

చిక్కల్లా మన దగ్గరే. కలకత్తా నుంచి వాల్తేరు రైలు మన ఊరి మీదుగానే కదా, బంతి కూడా ఇక్కడ దిగే ఉంటుందని నా అనుమానం. లైబ్రరీలో రెండు సాయంత్రాలు వెతికితే మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ, ఆయన కెప్టెన్‌గా వెళ్లిన 1936 ఇంగ్లండ్ టూరు, అంతా క్రికెట్టే (రాజుగారి ఆట మరి, కాగితం మీదికి ఎక్కింది). నెట్‌లోనూ ఏమీ లేదు. నెల్లిమర్లలో మిల్లు పని చేసి రిటైరైన ఒక తాతగారు పంచె పైకెత్తి మోకాలి మచ్చ చూపించి "ఇది బంతాటలో తగిలిందే" అన్నారు గానీ ఏ జట్టో, ఏ సంవత్సరమో ఆయనకి గుర్తు లేదు.

1960కి ముందు విజయనగరం, శ్రీకాకుళం వైపు మిల్లు జట్టులోనో రైల్వే జట్టులోనో ఫుట్‌బాల్ ఆడినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?