గేటు లోపలివాళ్లం, బయటివాళ్లం కలిసి బతుకమ్మ ఆడాలంటే?

మేముండేది హైదరాబాద్ శివారు కొల్లూరులో, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) దగ్గర అపార్ట్‌మెంట్లో. పొలాలు పోయి టవర్లు లేచాయి. ప్రభుత్వం పేదల కోసం కట్టి 2023లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీ, పాత ఊరు పక్కనే ఉన్నా ఎవరి లోకం వాళ్లదే. మా ఇంట్లో పనిచేసే అక్క ఆ కాలనీ నుంచే వస్తుంది. రోజూ గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి రావాలి, నాకది చాలా కష్టంగా ఉంటుంది.

మా బతుకమ్మ క్లబ్‌హౌస్ ముందు డీజేతో, కొనుక్కొచ్చిన బంతిపూలతో అయిపోతుంది. తంగేడు, గునుగు ఎక్కడ పూస్తాయో ఊళ్లో పెద్దమ్మలకే తెలుసు, పాటలూ వాళ్లకే వచ్చు. ఈసారి సద్దుల బతుకమ్మకైనా అందరం కలవాలని నా కోరిక. అసోసియేషన్ వాళ్లేమో సెక్యూరిటీ సమస్య అంటున్నారు.

బయట చెరువు దగ్గర ఆడదామంటే ఎవరి పర్మిషన్ కావాలి? ఊళ్లో ముందు ఎవరిని కలవాలి? తెల్లాపూర్, నార్సింగి, బాచుపల్లి వైపు ఎవరైనా ఇలా చేసి ఉంటే ఎలా మొదలుపెట్టారో దయచేసి చెప్పండి.