'సాండినిస్టా!': పేరా, పిలుపా?

మన మాటల గ్రూపులో ఈసారి చర్చకు ఒక్క మాటే తెస్తున్నాను. అది తెలుగు మాట కాదు, ఇంగ్లిష్ మాటా కాదు. కానీ దాన్ని నా తెలుగు చెవి చాలా ఏళ్లు తప్పుగా వింది. ఆ తప్పు వల్లే ఆ మాట నాకు ఎక్కువ అర్థమైందని ఇప్పుడు అనిపిస్తోంది.

లండన్ పంక్ రాక్ బృందం 'ద క్లాష్' 1980 డిసెంబర్ 12న మూడు ఎల్పీ రికార్డుల ఆల్బమ్ ఒకటి విడుదల చేసింది. పేరు 'సాండినిస్టా!'. ఆరు వైపులు, వైపుకు ఆరు పాటల చొప్పున మొత్తం ముప్పై ఆరు. దాదాపు రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. మా పెదనాన్నగారి అబ్బాయి దాన్ని రెండు తొంభై నిమిషాల కాసెట్ల మీదకు ఎక్కించి నాకిచ్చాడు. అట్ట మీద ఆశ్చర్యార్థకంతో సహా ఆ పేరొక్కటే రాసి ఉంది. ఆ పేరు పుట్టిన మధ్య అమెరికా దేశం నికరాగువా ఎక్కడుందో కూడా అప్పటికి నాకు తెలియదు.

ఆ పేరు చూడగానే నాకు సంబోధన వినిపించింది. రాముడు 'రామా!' అవుతాడు, మిత్రుడు 'మిత్రమా!' అవుతాడు, కామ్రేడ్ 'కామ్రేడా!' అవుతాడు. అలాగే 'సాండినిస్ట్' అనే మనిషెవరో ఉన్నాడు, వాణ్ణి దూరం నుంచి ఎవరో 'సాండినిస్టా!' అని కేకేస్తున్నారు. చివర దీర్ఘం, పక్కన ఆశ్చర్యార్థకం. తెలుగువాళ్లకు ఇంకే ఆధారం కావాలి?

అసలు సంగతి వేరు. ఆ మాటలో సంబోధనే లేదు. ఆగస్టో సీజర్ శాందినో 1927 నుంచి 1933 దాకా నికరాగువా కొండల్లో అమెరికా మెరైన్లతో గెరిల్లా యుద్ధం చేశాడు. 1934 ఫిబ్రవరిలో సేనాని సొమోజా చేతికింది నేషనల్ గార్డ్ అతన్ని చంపేసింది. ఆ పేరు మీద ఏర్పడ్డ ఉద్యమం 1979 జులైలో సొమోజా వంశపు పాలనను కూల్చింది. శాందినో పేరుకు '-ఇస్త' చేరిస్తే అతని దారిలో నడిచే మనిషి అని అర్థం. స్పానిష్‌లో ఈ ప్రత్యయానికి ఆడ, మగ తేడా లేదు. మన 'వాది' కూడా అంతే కదా, అతనూ స్త్రీవాదే, ఆమె కూడా స్త్రీవాదే.

మనకు ఇలాంటి పనికి పాత పద్ధతి ఒకటుంది. శివుణ్ణి కొలిచేవాడు శైవుడు, విష్ణువును కొలిచేవాడు వైష్ణవుడు, బుద్ధుడి దారివాడు బౌద్ధుడు. పేరులో మొదటి అచ్చు మారుతుంది, మనిషి మారిపోయాడని చెప్పడానికి అన్నట్టు. గాంధీ దగ్గరికొచ్చేసరికి గాంధేయుడు అన్నాం. మార్క్స్ దగ్గర మార్క్సిస్టు అని ఇంగ్లిష్ తోకనే ఉంచేసుకున్నాం. నక్సలైటు అన్న మాటైతే మనిషి నుంచి కాదు, ఊరి నుంచి పుట్టింది. ఈ వరుసలో 'సాండినిస్టా'ను ఎక్కడ పెట్టాలి? 'శాందినోవాది' అంటే అర్థం సరిపోతుంది. కానీ కేక పోతుంది.

నేను ఇక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఆల్బమ్ మళ్లీ వింటే ఆ మాట అక్కడ కేకగానే ఉంది. 'వాషింగ్టన్ బులెట్స్' పాటలో బృందం గాయకుడు జో స్ట్రమర్ ఆ మాటను గొంతెత్తి అరుస్తాడు. ఆ పాట చిలీకి వెళ్తుంది, 1973లో సాంటియాగో స్టేడియంలో చంపేసిన గాయకుడు విక్టర్ హారాను తలుచుకుంటుంది. క్యూబా మీదికి జరిగిన దాడికి వెళ్తుంది. నికరాగువా విప్లవంలో ఈసారి అమెరికా వేలు పెట్టలేదని సంబరపడుతుంది. అక్కడితో ఊరుకోదు. అఫ్ఘానిస్తాన్‌లో మాస్కో తూటాల సంగతి, టిబెట్‌లో చైనా చేసిన పని కూడా అదే గొంతుతో అడుగుతుంది. పార్టీ సభ్యత్వం ఉన్న మనిషి ఆ రోజుల్లో ఇలా పాడేవాడు కాదు. అందుకే ఆ పేరు 'నేను ఫలానా వాదిని' అని చెప్పుకోవడం కాదని, ఎదుటివాణ్ణి పిలవడమని నాకు గట్టిగా అనిపిస్తుంది. వ్యాకరణం నా పక్కన లేదు. పాట ఉంది.

మీరేమంటారు?

వ్యాఖ్య: బాగుంది. కానీ కమ్యూనిస్టు, సోషలిస్టు అన్నట్టే 'సాండినిస్టు' అంటే సరిపోదా? ప్రత్యయం ఒకటే కదా.

జవాబు: ఒకటేనండీ. గ్రీకు నుంచి లాటిన్‌కు, అక్కడి నుంచి ఒక కొమ్మ ఇంగ్లిష్‌కు 'ఇస్ట్'గా, ఇంకో కొమ్మ స్పానిష్‌కు 'ఇస్త'గా వచ్చింది. 'సాండినిస్టు' అంటే తెలుగు వాక్యంలో హాయిగా ఇముడుతుంది, 'సాండినిస్టులు గెలిచారు' అని రాయడానికి ఇబ్బందే లేదు. కానీ ఇంగ్లిష్‌వాళ్లు కూడా ఈ మాటను తమ తోకతో మార్చుకోకుండా స్పానిష్ రూపంలోనే వాడుతున్నారు. ఆ ఉద్యమం తనను తాను ఎలా పిలుచుకుందో అలాగే పిలవడం ఒక మర్యాద. మనుషుల గురించి రాసేటప్పుడు 'సాండినిస్టులు' రాయండి, నాకు అభ్యంతరం లేదు. ఆల్బమ్ పేరును మాత్రం ముట్టుకోవద్దు.

వ్యాఖ్య: మాట సంగతి సరే. ఆ ఆల్బమ్ మాత్రం నా దృష్టిలో కలగూరగంప. దానికి ముందు ఆల్బమ్ 'లండన్ కాలింగ్' చేసిన చేతులేనా అనిపిస్తుంది. సగం తీసేసి ఒక్క రికార్డు చేసి ఉంటే గొప్పగా ఉండేది.

జవాబు: అన్నా, ఈ మాట నలభై ఏళ్లుగా అందరూ అంటున్నదే. నేనూ ఒకప్పుడు నాకు నచ్చిన పద్నాలుగు పాటలు వేరే కాసెట్‌లోకి ఎక్కించుకున్నాను. మళ్లీ పూర్తిగా విన్నాక మనసు మారింది. మీరు వాడిన మాట దగ్గర నుంచే మొదలుపెడతాను, చాలా మంచి మాట వాడారు.

కలగూర అంటే కలిపిన ఆకుకూర. తోటలో దొరికిన నాలుగు రకాలూ కలిపి వండుకునేది. దాన్ని మోసే గంపను మనం తిట్టుగా మార్చుకున్నాం. కానీ కలగూర వండటం తెలిసినవాళ్లను అడగండి, ఏ ఆకు ఎంత వేయాలో వాళ్లకు లెక్క ఉంటుంది. ఈ ఆల్బమ్‌లో న్యూయార్క్ వీధుల్లో అప్పుడే బయటికొస్తున్న ర్యాప్ విని చేసిన 'ద మాగ్నిఫిసెంట్ సెవెన్' ఉంది. జమైకా రెగె ఉంది, వాల్ట్జ్ ఉంది, జాజ్ ఉంది, చర్చి పాట ఉంది, ట్రినిడాడ్ కెలిప్సో ఉంది. టైమన్ డాగ్ వయొలిన్ వాయిస్తూ పాడిన పాట ఉంది. ఎడ్డీ గ్రాంట్ రాసిన 'పోలీస్ ఆన్ మై బ్యాక్' ఉంది. నా చెవికి ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా బిగువైన పాట అదే. ఇవన్నీ ఒకే బృందం, న్యూయార్క్, కింగ్‌స్టన్, లండన్ తిరుగుతూ, ఒకే ఏడాదిలో రికార్డు చేసింది.

మీకు వృథా అనిపించేది బహుశా ఆరో వైపు. అక్కడ ఎక్కువగా వెర్షన్లే. ఇది మాటల గ్రూపు కాబట్టి ఈ మాట సంగతి కూడా చెబుతాను. జమైకాలో 'వెర్షన్' అంటే పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్ము, బేస్ మిగిల్చి, దాని మీద ప్రతిధ్వనులు ఆడించి రికార్డు రెండో వైపు వేసేది. ఆ పద్ధతికే 'డబ్' అని పేరు. మనకు డబ్బింగ్ అంటే వేరే భాష గొంతు ఎక్కించడం. రెండూ ఒకే మాట, రికార్డింగ్‌లో 'డబుల్' చేయడం నుంచి తెగిపడిన ముక్క. మనవాళ్లు గొంతు మార్చడానికి వాడారు, జమైకావాళ్లు గొంతు తీసేయడానికి వాడారు. 'వాషింగ్టన్ బులెట్స్'కు డబ్ 'సిలికోన్ ఆన్ సఫైర్'. ముందు పాటలో తూటాల లెక్క చెప్పిన చోట, ఇక్కడ యంత్రాలు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఐదో వైపున్న 'మెన్స్‌ఫర్త్ హిల్' అయితే 'సమ్‌థింగ్ అబౌట్ ఇంగ్లండ్' పాటను తిరగేసి వినిపించడమే. అది నాకు ఇప్పటికీ నచ్చదు, నిజం చెబుతున్నాను. కానీ ఆరో వైపున్న 'కెరీర్ ఆపర్చునిటీస్' చూడండి. 1977లో వాళ్లే ఉద్యోగాల్లేని కుర్రాళ్ల కోపంతో అరిచిన పాట. ఇక్కడ కీబోర్డు వాయించిన మిక్కీ గాలఘర్ చిన్న పిల్లలు దాన్ని బడిలో పద్యంలా పాడతారు. ఆ ఉద్యోగాలు రేపు ఆ పిల్లలకే మిగిలి ఉంటాయని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఒక్క రికార్డుకు కుదిస్తే మొదట కోతపడేది ఇదే.

ఇంకో విషయం. మూడు రికార్డులను దాదాపు ఒక రికార్డు ధరకే అమ్మాలని పట్టుబట్టి, బ్రిటన్‌లో మొదటి రెండు లక్షల కాపీల మీద రాయల్టీ వదులుకున్నారు. గంప పెద్దదే, భారం కొన్నవాళ్ల మీద పడలేదు.

వ్యాఖ్య: మీరు చెప్పని సంగతి ఒకటుంది. అదే పేరు పెట్టుకున్న ప్రభుత్వం ఈరోజు ఏం చేస్తోందో తెలుసు కదా. ఇప్పుడు కూడా ఆ కేక అలాగే వినిపిస్తుందా?

జవాబు: తెలుసండీ. ఈ పది రోజులూ నన్ను వేధించింది అదే. అమెరికా వేలు పెట్టలేదని పాటలో సంబరపడ్డ మాట ఏడాదిలోనే తప్పయిపోయింది. 1981లోనే అమెరికాలో రీగన్ ప్రభుత్వం, సాండినిస్టాల మీద పోరాడే కాంట్రా తిరుగుబాటుదారులకు డబ్బు, ఆయుధాలు ఇవ్వడానికి సిద్ధపడింది. 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అది ఒక దెబ్బ. రెండోది ఇంకా లోతైనది. ఆనాటి సాండినిస్టా నాయకుడు డానియల్ ఒర్తెగా 2007 నుంచి అధికారంలోనే ఉన్నాడు. 2018 నిరసనలను నెత్తుటితో అణిచాడు. ఒకప్పుడు అతని ప్రభుత్వంలోనే ఉపాధ్యక్షుడిగా పనిచేసిన రచయిత సెర్హియో రమీరెస్, ఉద్యమంలో పనిచేసిన కవయిత్రి హియోకొండా బెల్లి 2023లో పౌరసత్వం పోగొట్టుకున్నారు. ఆ పేరు ఎవరిది? ప్రభుత్వం జెండా మీదున్నదా, దేశం నుంచి గెంటేసిన వాళ్లదా?

ఇక్కడే నా పాత తప్పు నాకు అక్కరకొచ్చింది. 'వాది' అని విన్నంత కాలం ఆ మాట ఒక పార్టీకి కట్టుబడి ఉంటుంది, పార్టీ చెడితే మాటా చెడుతుంది. సంబోధనగా వింటే, పిలిచేవాడు ఎప్పుడూ జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. పలకాల్సినవాడు పలక్కపోతే తప్పు పిలుపుది కాదు. పాటలో అఫ్ఘాన్, టిబెట్ ప్రస్తావన ఎందుకుందో ఇప్పుడు బాగా తెలుస్తోంది. గెలిచిన వాళ్లను కూడా అడగమని.

వ్యాఖ్య: చిన్న సవరణ. స్పానిష్‌లో 'ట, డ'లు పళ్ల దగ్గర పలుకుతారు. 'సందినీస్త' అనాలి. ఇంగ్లిష్ మీదుగా వచ్చింది కాబట్టి మనం మూర్ధన్యాలు రాస్తున్నాం.

జవాబు: మాస్టారూ, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంగ్లిష్ లిపికి ఈ తేడా చూపే శక్తి లేదు, మనకుంది. ఉండి కూడా వాడుకోవడం లేదు. 'కాస్త్రో'ను 'కాస్ట్రో' చేశాం. నేనూ ఈ పోస్టులో మనిషిని 'శాందినో' అనీ, ఆల్బమ్‌ను 'సాండినిస్టా' అనీ రాశాను. పైగా మొదటి అక్షరం ఒకచోట శ, ఒకచోట స. అది సవరించాల్సిందే, 'సందీనో' అని. ఆల్బమ్ పేరులో ట, డలు మాత్రం ఉంచుతాను. స్ట్రమర్ చిన్నప్పుడు తండ్రి ఉద్యోగం వల్ల మెక్సికో సిటీలో కొన్నాళ్లు ఉన్నాడు, 'స్పానిష్ బాంబ్స్' పాటలో విరిగిన స్పానిష్‌లోనే పాడాడు. అయినా ఈ మాటను లండన్ నోటితోనే పలికాడు, మనం వింటున్నది ఆ నోరే.

స్పానిష్‌లో ఆశ్చర్యార్థకం వాక్యానికి ముందు కూడా తలకిందులుగా పెడతారు కదా. ఆల్బమ్ అట్ట మీద చివర ఒక్కటే ఉంది. స్పానిష్ వచ్చినవాళ్లు గ్రూపులో ఎవరైనా ఉంటే ఒకటి చెప్పండి. వీధిలో జనం గుమిగూడి ఈ మాట అరిచేటప్పుడు చివరి 'అ'ను సాగదీస్తారా, లేక ఒత్తంతా 'నీ' మీదే పడి చివర తేలిపోతుందా?