ఆర్.సి.ఎం. ఎలిమెంటరీ బడికి ట్యాబులా, టీవీలా?

విచారణ_సెక్రటరీ: కృష్ణా జిల్లాలో రోమన్ కాథలిక్ మిషన్ (ఆర్.సి.ఎం.) వాళ్ల ఎయిడెడ్ బడి. 1 నుంచి 5 దాకా 96 మంది పిల్లలు. అమెరికాలో ఉన్న మా విచారణ (చర్చి పరిధి) కుటుంబం ఒకటి 3 లక్షలు ఇస్తానంటోంది. 30 ట్యాబులు కొనాలా, గదికో 43 అంగుళాల టీవీ పెట్టాలా? నెట్ అంతంతమాత్రం. తెలిసినవాళ్లు చెప్పండి.

ఇన్వర్టర్_బాబ్జీ: ట్యాబులే సార్. నెట్ లేకపోయినా నడుస్తాయి. కొలిబ్రి అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాత ల్యాప్‌టాప్‌లో వేసి పాఠాలు ముందే దింపుకుంటే అదే సర్వరు, ట్యాబులు వైఫైతో దానికి కలుస్తాయి. ఇంటి రూటర్ మాత్రం వద్దు. 30 ట్యాబులూ ఒకేసారి వీడియో అడిగితే చేతులెత్తేస్తుంది. ఎక్కువ ట్యాబుల్ని మోసే వైఫై పెట్టె, అదే 5 గిగాహెర్ట్జ్ ఆక్సెస్ పాయింట్, తీసుకోండి. కరెంటు లెక్క: 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 19 వాట్ అవర్లు, 30కి 570, నష్టాలు కలిపి 700 అనుకోండి. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ మోస్తుంది. తలుపులు మూసిన బీరువాలో ఛార్జింగ్ పెట్టొద్దు. ఏప్రిల్ ఎండకు ఆ వేడి తోడైతే లోపల 45 డిగ్రీలు దాటి బ్యాటరీలు ఉబ్బుతాయి. వేసవి సెలవులకు సగం ఛార్జితో ఆపేసి దాచాలి.

బల్లసుద్ద: బీరువా సంగతి సరే. ఒకటో తరగతి పిల్లాడు ట్యాబుతో ఏం చేస్తాడు? వేలితో ‘క’ దిద్దుతాడు. గీత ఎక్కడ మొదలెట్టినా ఆకారం దగ్గరగా వస్తే చాలు, చాలా యాప్‌లు చప్పట్లు కొట్టేస్తాయి. బలపం పట్టుకోవడం దానివల్ల రాదు. పైగా 30 ట్యాబులు ఒకేసారి పలికితే ఆ గదిలో ఎవరి ‘క’ ఎవరికి వినబడుతుంది? హెడ్‌ఫోన్లు కొంటే ఆ వయసు పిల్లల చేతిలో ముందు పోయేది జాక్ దగ్గర వైరే.

ఉపదేశి_జోజి: సత్యోపదేశానికీ (మన మతబోధకు) పనికొస్తాయి కదండీ. ఇటలీ కుర్రాడు పునీత కార్లో అకుటిస్ దివ్యసత్ప్రసాద (పూజలోని పవిత్ర అప్పం) అద్భుతాలను కంప్యూటరుతోనే కదా లోకానికి చూపించింది!

బల్లసుద్ద: జోజిగారూ, ఆయన వీడియో గేములు వారానికి గంటకు మించకుండా తనకు తనే కట్టడి పెట్టుకున్నాడని కూడా చెబుతారు, ఆ ముక్క వదిలేశారు. ఇంకోటి, ఇది ఎయిడెడ్ బడి. రాజ్యాంగం 28(3) ప్రకారం తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా ఏ పిల్లాణ్నీ మతబోధకు కూర్చోబెట్టకూడదు. అన్ని ట్యాబుల్లో ఒకటే ప్లేలిస్టు వేస్తే నీతిబోధ పీరియడుకు వెళ్లాల్సిన వేరే మతాల పిల్లలకూ సత్యోపదేశమే వస్తుంది.

ఉపదేశి_జోజి: బలవంతం అని నేనెక్కడన్నాను?

రేపల్లె_రాజు: టీవీ పెట్టండి. ట్యాబులు ఏడాదిలో సగం పోతాయి.

ఇన్వర్టర్_బాబ్జీ: టీవీ అనేవాళ్లు గది కొలిచారా? 43 అంగుళాల తెర ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు. చదవాల్సిన అక్షరాలైతే ఆఖరి పిల్లాడు తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరంలోపు ఉండాలి. అంటే 3.2 మీటర్లు. మీ గది ఆరు మీటర్లుంటే వెనక సగానికి ఒత్తులు ఆనవు.

బల్లసుద్ద: వెనక సగాన్ని ముందుకు చాప మీద కూర్చోబెడితే సరి. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్న దీక్ష (సర్కారు ఆన్‌లైన్ పాఠాల వేదిక) వీడియో దొరికితే ముందురోజే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవాలి. ఎంపీ4 అయితే దాదాపు ఏ టీవీ అయినా తీసుకుంటుంది. స్టోరీవీవర్ అనే ఉచిత కథల సైటులోని తెలుగు కథల పీడీఎఫ్ పేజీలను బొమ్మలుగా మార్చి పెట్టుకోండి, చాలా టీవీలు పీడీఎఫ్ తెరవవు. నాలుగు పేజీలు చూపించి, ఆపి, పలక మీద రాయించాలి. పదిహేను నిమిషాల పని.

ఇన్వర్టర్_బాబ్జీ: అదే చెప్పేది! ఆపడానికి, రాయించడానికి మనిషి కావాలి. ట్యాబులో యాప్ పిన్నింగ్ పెట్టేస్తే పిల్లాడు ఆ యాప్ దాటి వేరేదానికి పోలేడు, టీచరు పక్క గదికి వెళ్లి రావచ్చు.

బల్లసుద్ద: పక్క గదికి ఎందుకు వెళ్లాలి? సెక్రటరీగారూ, 96 మంది అన్నారు. టీచర్లు ఎందరు?

విచారణ_సెక్రటరీ: ఇద్దరు. రిటైరైన పోస్టులు నింపలేదు.

బల్లసుద్ద: ఇదీ అసలు సంగతి. రెండు తరగతుల్ని ట్యాబులకు అప్పజెప్పి మూడు తరగతులకు ఇద్దరు పాఠం చెప్పాలన్నమాట. విద్యాహక్కు చట్టం లెక్కన 91 నుంచి 120 మందికి నలుగురు ఉండాలి.

ఇన్వర్టర్_బాబ్జీ: 2014 సుప్రీంకోర్టు తీర్పుతో మైనారిటీ బళ్లకు ఆ చట్టం వర్తించదు. ఎయిడెడ్ అయినా సరే. చట్టం చదివి మాట్లాడండి.

బల్లసుద్ద: వర్తించకపోతే ఇద్దరు అయిదు గదుల్లో ఉండగలరా? మీకు ఎంతసేపూ వాట్ అవర్లే. ఆరేళ్ల పిల్లలు మీ లెక్కలో లేరు.

ఇన్వర్టర్_బాబ్జీ: టీచరు లేని గదిలో ఖాళీగా కూర్చోవడం కన్నా ట్యాబు నయం. పోస్టులు వచ్చేదాకా పిల్లలు ఒకటో తరగతిలోనే ఆగుతారా?

రేపల్లె_రాజు: ఇద్దరూ ఆగండి బాబూ.

బల్లసుద్ద: నెలకు 12 వేలు, ఏడాదికి పది నెలలు, రెండేళ్లకు 2.4 లక్షలు. ఊళ్లో డీఎడ్ చేసిన అమ్మాయిని పెట్టుకోవచ్చు. మిగిలిన 60 వేలకు ఒక టీవీ, మూడు ట్యాబులు. ఆమె నలుగురిని దగ్గర కూర్చోబెట్టి చదివిస్తుంటే ఇంకో ముగ్గురు ట్యాబు దగ్గర, మిగతావాళ్లు పలకల దగ్గర. పావుగంటకోసారి మారాలి.

విచారణ_సెక్రటరీ: దాతగారు వస్తువులకే ఇస్తారట, జీతాలకు ఇవ్వరు. ట్యాబులతో పిల్లల ఫొటో కూడా అడిగారు.

ఇన్వర్టర్_బాబ్జీ: ఆ మాట మొదటి పోస్టులోనే రాయాలి కదండీ!

బల్లసుద్ద: దాతగారి నంబరు ఫాదర్ దగ్గర ఉంటుంది. పై లెక్క పంపించి, జీతం రెండేళ్లకే అని కూడా రాయండి. ఒప్పుకోకపోతే టీవీలు. ఫొటోకి అవీ పనికొస్తాయి.