బోస్కే డెల్ అపాచీలో క్రేన్లు చూడ్డానికి క్యాంపింగ్ ప్లాన్: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

చందమామకూన
డిసెంబరు మొదటి వారంలో న్యూమెక్సికోలోని బోస్కే డెల్ అపాచీ నేషనల్ వైల్డ్‌లైఫ్ రిఫ్యూజ్‌కి (వన్యప్రాణుల రక్షితప్రాంతానికి) వెళ్దామనుకుంటున్నాం. రెండు కుటుంబాలు, ఆరేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు. తెల్లవారుజామున శాండ్‌హిల్ క్రేన్లు (పొడుగు కాళ్ళ పెద్ద పక్షులు), స్నో గీస్ (తెల్ల పెద్దబాతులు) వేలకొద్దీ ఒక్కసారిగా లేస్తాయని విన్నాం, అందుకే చెరువు గట్టునే టెంట్ వేసుకుంటే నిద్ర లేవగానే కళ్ళ ముందే ఉంటాయి కదా అని ఆలోచన. ఒక్క రాత్రి చాలా? ఏమేం తీసుకెళ్ళాలి? క్యాంపింగ్ చేశాం గానీ ఎండాకాలంలోనే.

పాతగుడారం
ముందు చెరువు గట్టు మాట మర్చిపోండి. బోస్కే లోపలే కాదు, నేషనల్ వైల్డ్‌లైఫ్ రిఫ్యూజుల్లో చాలావాటిలో రాత్రి బస ఉండదు. నేషనల్ పార్క్ లెక్క వేరు, రిఫ్యూజ్ లెక్క వేరు. అక్కడ మొదటి హక్కు పక్షులది, మనం వచ్చి చూసి పోయేవాళ్ళం. 1903లో ఫ్లోరిడాలో పెలికాన్ ఐలాండ్‌తో మొదలైనప్పటి నుంచీ అంతే. రిఫ్యూజ్ బయట దగ్గర్లో ఆర్వీ పార్కులు (ఇల్లులాంటి బండ్లు ఆపుకునే చోట్లు) ఉన్నాయి, కొన్నిటిలో టెంట్‌కీ చోటిస్తారు, ఫోన్ చేసి కనుక్కోండి. చీకటి ఉండగానే అక్కణ్ణించి బయల్దేరితే సరిపోతుంది.

రెక్కలచప్పుడు
ఒక్క రాత్రి చాలదండీ. నేను మొదటిసారి ఒక్క ఉదయమే పెట్టుకుని వెళ్ళాను. ఆ రోజు పక్షులు నేను నిలబడ్డ చెరువులో లేవు, అర మైలు అవతల దాంట్లో ఉన్నాయి, గోలంతా వినబడింది, కనబడింది మాత్రం చుక్కలే. ఎందుకంటే ఇక్కడి చెరువుల్లో నీళ్ళు సహజంగా నిండేవి కావు. రియో గ్రాండే నది నీళ్ళను కాలవల ద్వారా ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్ళిస్తారు, మన వరిమళ్ళకి నీళ్ళు పెట్టినట్టే. ఏ చెరువులో లోతు తక్కువ నీళ్ళుంటే క్రేన్లు రాత్రికి అక్కడ చేరతాయి, మోకాళ్ళ లోతులో నిలబడే నిద్రపోతాయి, కొయోటీ (నక్కలాంటి జంతువు) వస్తే నీళ్ళ చప్పుడుకి తెలిసిపోతుంది. కాబట్టి ముందురోజు మధ్యాహ్నమే చేరి విజిటర్ సెంటర్‌లో "నిన్న రాత్రి ఎక్కడ దిగాయి" అని అడగండి. సాయంత్రం అవి దిగేచోటు మీ కళ్ళతో చూసుకోండి. తెల్లారి అక్కడికే వెళ్ళండి. రెండు సాయంత్రాలు, రెండు ఉదయాలు ఉండేలా పెట్టుకోండి.

ఇంకోటి. గీస్, క్రేన్లు ఒకేలా లేవవు. గీస్ అన్నీ ఒక్కసారే, బాంబు పేలినట్టు, అర నిమిషంలో ఆకాశం తెల్లబడిపోయి మళ్ళీ ఖాళీ అవుతుంది. క్రేన్లకి తొందరేం ఉండదు, సూర్యుడు వచ్చాక రెండు, మూడు, అయిదు చొప్పున వెళ్తుంటాయి. ఎగరబోయే క్రేన్ ముందుకు వంగి, మెడ చాచి, అటే చూస్తూ కాసేపు అలాగే ఉంటుంది. ఫోటోలు తీసేవాళ్ళు దానికోసమే చూస్తారు. గీస్ వెళ్ళిపోగానే జనం సగం మంది కార్లెక్కేస్తారు, మీరు మాత్రం ఎక్కకండి.

తడిబూట్లు
చలి గురించి ఎవరూ చెప్పట్లేదే. ఎడారి కదా అని మోసపోయాను నేను. నాలుగున్నర వేల అడుగుల ఎత్తు, పొడిగాలి, మధ్యాహ్నం స్వెట్టర్ విప్పేస్తాం, రాత్రి గడ్డకట్టే చలి. స్లీపింగ్ బ్యాగ్ మీద రాసి ఉండే ఉష్ణోగ్రత అంకె చూసి కొనకండి, అందులో కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి) అని ఒకటీ లిమిట్ (ముడుచుకుని ఓర్చుకోగల చలి) అని ఒకటీ ఉంటాయి, పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు లిమిట్. మనకి కావాల్సింది కంఫర్ట్. బ్యాగ్ ఎంత మంచిదైనా కింద మ్యాట్ పలచగా ఉంటే నేల వేడంతా లాగేస్తుంది. టెంట్ కిటికీలు పూర్తిగా మూస్తే మన ఊపిరే లోపల మంచయి పొద్దున నెత్తిమీద రాలుతుంది, కొంచెం తెరిచి ఉంచాలి. నీళ్ళ బాటిల్ తలకిందులుగా పెట్టండి, మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళుంటాయి. కెమెరా బ్యాటరీలు, ఫోన్ మాత్రం మీతోపాటు బ్యాగ్‌లో పడుకోవాలి.

చలిపులి
నిజం చెప్పనా? ఆరేళ్ళ పాపతో టెంట్ ఎందుకండీ. మోటెల్‌లో పడుకోండి. అయిదింటికి లేపి, గడ్డకట్టిన టెంట్‌లోంచి బయటికి లాగితే ఆ పిల్ల జన్మలో పక్షుల వంక చూడదు.

పాతగుడారం
ఇది నేను ఒప్పుకోను. రాత్రి టెంట్‌లో పడుకుని పైన క్రేన్లు పిలుచుకుంటూ పోతుంటే వినడం మోటెల్లో రాదు. వాటి శ్వాసనాళం రొమ్ము ఎముకలోకి చుట్టలు చుట్టుకుని ఉంటుంది, సన్నాయి గొట్టం పొడుగ్గా ఉన్నట్టు, అందుకే ఆ గుర్రుగుర్రు మైలు దూరం నుంచీ వినిపిస్తుంది. అయితే పిల్లలున్నప్పుడు ఒక రాత్రి టెంట్, ఒక రాత్రి గది పెట్టుకోండి. అదీ ముందు టెంట్, తర్వాత గది. తిరగేస్తే రెండో రాత్రి ఎవరూ టెంట్‌లోకి రారు.

అమ్మమ్మమనవడు
ఒక చిన్న సందేహం, వీటిని మనం కొంగలు అనొచ్చా?

రెక్కలచప్పుడు
అనకపోతేనే మంచిది. కొంగ ఎగిరేటప్పుడు మెడని మడిచి భుజాల్లోకి దాచుకుంటుంది, క్రేన్ బాణంలా చాచి ఎగురుతుంది. మన దగ్గర సారస్ క్రేన్‌ని బెగ్గురు అంటారు, ఇవి ఆ వంశమే. పిల్లలకి ఇంకో ఆట నేర్పండి: గుంపులో తల మీద ఎర్రమచ్చ లేకుండా గోధుమరంగు తలతో ఉన్నది ఈ ఏడు పుట్టిన పిల్ల. మొదటి చలికాలమంతా అమ్మానాన్నల పక్కనే ఉంటుంది. ఇద్దరు పెద్దలు, మధ్యలో ఒకటో రెండో పిల్లలు. మావాడు పక్షుల పేర్లు ఒక్కటీ నేర్చుకోలేదు గానీ కుటుంబాలు లెక్కపెడుతూ రెండు గంటలు కదలలేదు.

తడిబూట్లు
కారు దిగకండి, సాధ్యమైనంత వరకు. దాదాపు పన్నెండు మైళ్ళ లూప్ రోడ్డుంది, కారునైతే పట్టించుకోవు, కాలు కింద పెడితే లేచిపోతాయి. అలా లేపిన పక్షి తిన్న తిండి శక్తిని ఊరికే ఎగరడానికి ఖర్చు పెడుతుంది, అందుకని కావాలని లేపేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డ్రోన్ అసలు నిషేధం. అద్దం దించి ఫోటో తీసేటప్పుడు హీటర్ ఆపేయండి, లోపలి వేడిగాలి బయటికి పోతూ బొమ్మని అలుక్కుపోయేలా చేస్తుంది. నేను ఒక ఉదయం మొత్తం అలా పాడుచేసుకుని లెన్స్‌ని తిట్టుకున్నాను.

బైనాక్యులర్ 8x42 చాలు, పన్నెండు రెట్లది చేతిలో వణుకుతుంది. పిల్లలకి వేరేది, తేలికది. వాళ్ళది వాళ్ళకి లేకపోతే కారులో యుద్ధమే. చచ్చిన పక్షి కనబడితే ముట్టుకోనివ్వకండి, బర్డ్ ఫ్లూ ఉండొచ్చు.

అమ్మమ్మమనవడు
డక్ స్టాంప్ (నీటిపక్షుల వేటకి ప్రభుత్వం అమ్మే స్టాంపు) కొనుక్కోండి. 25 డాలర్లు, ప్రవేశరుసుం ఉన్న రిఫ్యూజులన్నిటికీ అదే పాస్, జూలై నుంచి మరుసటి జూన్ దాకా. బాతులు వేటాడేవాళ్ళకి తప్పనిసరి, మనకి ఇష్టమైతే. డాలర్‌కి 98 సెంట్లు చిత్తడినేలల కోసమే పోతాయి. 1941లో బోస్కేలో చలికాలం గడిపిన క్రేన్లు 17 మాత్రమేనట, ఇప్పుడు వేలల్లో. వాటికోసం మొక్కజొన్న కూడా పండించి అక్కడికక్కడే కోసి పడేస్తారు, చుట్టుపక్కల రైతుల పొలాల మీద పడకుండా.

చలిపులి
డిసెంబరు కుదరకపోతే మార్చిలో నెబ్రాస్కా, ప్లాట్ నది. ఇక్కడికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ క్రేన్లు, లక్షల్లో. చలి మాత్రం అక్కడా ఉంటుంది, చెప్పలేదనకండి.

చందమామకూన
వెళ్ళొచ్చాం! డిసెంబరులో సూర్యోదయం దాదాపు ఏడింటికి, మేం ఆరుంపావుకే చెరువు దగ్గరున్నాం. మొదటిరోజు గీస్ లేచిన క్షణానికి నేను బ్యాటరీ మారుస్తున్నాను, పాప వెనక సీట్లో నిద్ర. రెండోరోజు చెరువు మీద పలచగా మంచు కట్టింది, క్రేన్లు జారుతూ, రెక్కలతో నిలదొక్కుకుంటూ నడుస్తుంటే పాప పగలబడి నవ్వింది, అద్దం దించి ఉందని మర్చిపోయి. పక్కకారాయన చూశాడు గానీ ఆయనా నవ్వుతూనే ఉన్నాడు. కుటుంబాలు ఇరవైమూడు లెక్కపెట్టారు, ఇరవైనాలుగని బాబు ఇంకా వాదిస్తున్నాడు.

ముందు టెంట్, తర్వాత గది అన్న సలహా పాటించాం. మావారు రెండో రాత్రి గదిలో హీటర్ దగ్గర్నుంచి కదల్లేదు. ఆ స్లీపింగ్ బ్యాగ్ లిమిట్ అంకె చూసి కొన్నది ఆయనే.