లైబ్రీఎన్ఎంఎస్ పెట్టినా, రౌటర్ పలుకుతాది, స్విచ్చులు మాత్రం పలకడంలే

లాడ్జీ వైఫై:
అన్నలకి నమస్తే. తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో కంప్యూటర్ పనంతా నాదే, రిజిస్టర్ ఎంట్రీ, సీసీ కెమెరాలు, వైఫై అన్నీ. 40 పైన రూములు, నాలుగు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి ఒక పీఓఈ స్విచ్చు (నెట్ తీగలన్నీ కలిపే డబ్బా, అదే తీగలో కరెంటు కూడా ఇస్తాది). కొండకి పోయేవాళ్ళు తెల్లారి 4కే లేస్తారు కదా, సరిగ్గా ఆ టైంకే నెట్ పోయింది, దర్శనం టికెట్ పీడీఎఫ్ తెరుచుకోవడంలే అని రిసెప్షన్ కాడికొచ్చి అరుస్తారు. నెట్ ఇచ్చినోళ్ళకి ఫోన్ చేస్తే మా సైడ్ అంతా బాగుండాది సార్ అంటారు, ఓనరేమో నా మొకం చూస్తాడు. సరే తప్పు ఎవురిదో గ్రాఫ్‌లో చూపిద్దామని స్టోర్ రూంలో మూలబడిన 4 జీబీ ర్యామ్ డెస్క్‌టాప్ దుమ్ము దులిపి ఉబుంటు సర్వర్ 24.04 ఎక్కించి లైబ్రీఎన్ఎంఎస్ (నెట్‌వర్క్ డబ్బాలన్నీ పనిచేస్తాండాయా లేదా అని కనిపెట్టి గ్రాఫ్ గీసేది) పెట్టినా. రౌటర్ యాడ్ అయింది. నాలుగు స్విచ్చులూ టైమవుట్. పింగ్ (ఉండావా అని పిలిచి చూసేది) మాత్రం పోతాది. రెండ్రోజుల్నుంచి ఇదే పని.

పలమనేరు పెంగ్విన్:
ముందు లైబ్రీఎన్ఎంఎస్‌ని పక్కన పెట్టు సామీ. అది డబ్బాల్ని ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతిలో అడుగుతాది, నువ్వు టెర్మినల్లో ఎస్ఎన్ఎంపీవాక్ అనే కమాండ్‌తో ఒక స్విచ్చుని నేరుగా అడుగు, ఆడ జవాబు రాకపోతే వెబ్ పేజీలో నూరుసార్లు యాడ్ కొట్టినా రాదు. చాలా స్విచ్చుల్లో ఎస్ఎన్ఎంపీ ఆఫ్‌లోనే వస్తాది, లోపలికి పోయి ఆన్ చేసినావా? ఇంకోటి, వీ2సీలో (ఎస్ఎన్ఎంపీలో ఒక రకం) కమ్యూనిటీ పేరు (పాస్‌వర్డ్ లాంటిది) తప్పైతే స్విచ్చు తప్పు అని కూడా చెప్పదు, ఉలకదు పలకదు. కేబుల్ ఊడినా టైమవుట్టే, పేరు తప్పైనా టైమవుట్టే, అందుకే మనిషికి పిచ్చెక్కేది. యూడీపీ 161 (ఎస్ఎన్ఎంపీ పోర్టు) మీద టీసీపీడంప్ (పోయే వచ్చే ప్యాకెట్లు చూపించేది) పెట్టి చూడు, ప్యాకెట్ పోతా ఉండి తిరిగి రాకపోతే సర్వర్ అడుగుతానే ఉండాదని, పేరన్నా తప్పు, స్విచ్చన్నా పలకడంలే అని. పేరు పబ్లిక్ అనే ఉంటే మాత్రం మార్చేయ్, వీ2సీలో అది దాపరికం లేకుండా పోతాది, గెస్టుల వైఫై కూడా అదే నెట్‌వర్క్‌లో ఉంటే ఎవడైనా చదువుకోవచ్చు.

కేబులన్న:
ఐదారు డబ్బాలకి లైబ్రీఎన్ఎంఎస్ ఎందుకబ్బా, వెబ్ సర్వర్, డేటాబేస్, పీహెచ్‌పీ అని పెండ్లికి పిలిచినట్టు అందర్నీ పిలుచుకోవాల. నేను చిత్తూరులో కేబుల్ నెట్ నడిపేవాణ్ణి, మాలాంటోళ్ళతో కొట్లాడేదానికి స్మోక్‌పింగ్ (ఆపకుండా పింగ్ కొట్టి గ్రాఫ్ గీసేది) చాలు. మీ రౌటరు, దాని తర్వాత నెట్ వాళ్ళ గేట్‌వే (వాళ్ళ వైపు మొదటి డబ్బా), బయట గూగుల్ వాళ్ళ 8.8.8.8, ఈ మూడింటికీ పెట్టు. రౌటర్ దాకా బాగుండి ఆపైన ప్యాకెట్లు పోతాంటే వాళ్ళది తప్పు. కొన్ని గేట్‌వేలు పింగ్‌కి సరిగ్గా జవాబు ఇయ్యవు, అదొక్కదాన్నే పట్టుకోని కొట్లాటకి పోవద్దు, అవతల 8.8.8.8 కూడా పోతేనే నిజంగా పోయినట్టు. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపితే మేము పట్టించుకోము, ఉన్నమాటే చెప్తాండా. వారం రోజుల గ్రాఫ్ పంపినోడి ఫోన్ మాత్రం ఎత్తుతాం.

లాడ్జీ వైఫై:
పెంగ్విన్ అన్నా దండం. స్విచ్చులు బిగించినాయన కమ్యూనిటీ పేరు వాట్సాప్‌లో పంపింటే ఆడ్నుంచి కాపీ కొట్టినా, చివర ఒక స్పేస్ కూడా వచ్చింది. ఆ ఒక్క స్పేస్‌కి రెండ్రోజులు!! ఇప్పుడు నాలుగూ పచ్చగా ఉండాయి. కేబులన్న చెప్పినట్టు స్మోక్‌పింగ్ కూడా పెట్టినా, నాలుగు రోజులైంది, మూడు గీతలూ శుభ్రంగా ఉండాయి, ఒక్క ప్యాకెట్ పోలే. కానీ ఈరోజు తెల్లారి కూడా 304 రూమాయన టవల్ మీదే కిందికొచ్చి తిట్టిపోయినాడు. గ్రాఫ్ నమ్మాలో ఆయన్ని నమ్మాలో తెలియడంలే.

రేణిగుంట రూట్:
ఆయన్నే నమ్ము. నీ సర్వర్ యాడుండాది, రిసెప్షన్ వెనకాల రౌటర్ పక్కనే కదా? ఆడ కూర్చోని బయటికి పింగ్ కొడితే మూడో ఫ్లోర్ సంగతి దానికెట్ల తెలుస్తాది. నాలుగు స్విచ్చులకీ స్మోక్‌పింగ్ పెట్టు. ఇంక లైబ్రీఎన్ఎంఎస్ 5 నిమిషాలకొకసారే పోయి పలకరిస్తాది, స్విచ్చు పడి లేచేదానికి రెండు నిమిషాలు చాలు, ఇది పోయేలోపల అది లేచి ఏమెరగనట్టు నిలబడి ఉంటాది. అందుకే నీకు పచ్చగా కనిపించేది. ప్రతి స్విచ్చు అప్‌టైమ్ (ఆన్ అయి ఎంతసేపైందో ఆ లెక్క) చూడు, ఆడ దొరికిపోతాది.

లాడ్జీ వైఫై:
అన్నా దొరికింది! మూడో ఫ్లోర్ స్విచ్చు అప్‌టైమ్ 9 గంటలు, మిగతా మూడూ 61 రోజులు. స్మోక్‌పింగ్‌లో కూడా పడింది, కానీ రాత్రి పదిన్నరకి చూపిస్తాది. ఓనరేమో చూడు, ఆ టైంకి పిల్లకాయలు క్రికెట్ చూసి చూసి లోడు జాస్తి అయి పడింది అంటాడు. మరి 4 గంటల కత ఏంది?

పలమనేరు పెంగ్విన్:
నువ్వు రాసింది మధ్యాహ్నం ఒంటిగంటకి. దాంట్లోనుంచి 9 గంటలు తీసెయ్, తెల్లారి 4 కదా వచ్చేది, పదిన్నర యాడిది? సర్వర్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఉమ్మడి టైం) ఉండాది సామీ, ఉబుంటు సర్వర్ ఎక్కిస్తే మామూలుగా అదే పెట్టుకుంటాది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో ఏసియా కోల్‌కతా పెట్టు, పీహెచ్‌పీలో కూడా మార్చు, లేకుంటే లైబ్రీఎన్ఎంఎస్ వ్యాలిడేట్ (తనని తాను చెక్ చేసుకునే కమాండ్) కొట్టినప్పుడల్లా గొణుగుతాది.

రేణిగుంట రూట్:
ఇంక కంప్యూటర్ చాలు. ఆ స్విచ్చుకి కరెంటు యాడ్నుంచి తీసినారో చూడు.

లాడ్జీ వైఫై:
చూసినా. ఈరోజు 3:45కి లేచి మూడో ఫ్లోర్ మెట్లమీద కూర్చున్నా. 4 దాటినాక ఒక్కో రూంలో చప్పుడు మొదలైంది, బాత్రూం తలుపులు, బకెట్లు. ఉన్నట్టుండి వరండాలో ట్యూబ్‌లైట్ గుడ్డిదైపోయింది, స్విచ్చు లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్ళీ మొదట్నుంచి మిణుకు మిణుకుమని లేచినాయి. ఆ ఫ్లోర్లో 12 రూములు, ఒక్కోదాంట్లో 2 కిలోవాట్ల గీజరు, స్విచ్చుకి సాకెట్ తీసినాయన ఆ గీజర్ల ఫేజ్ మీదే తీసినాడు, అన్నీ ఒక్కసారి వేస్తే ఓల్టేజ్ పడిపోతాది. ఎలక్ట్రీషియన్ శనివారం వచ్చి లైన్ మారుస్తానన్నాడు, అంతదాకా బిల్లు ప్రింటర్ కింద ఉన్న యూపీఎస్ పీక్కొచ్చి పైన పెట్టినా. నెట్ వాళ్ళమీద పెట్టిన కంప్లైంట్ వాపస్ తీసుకుందాం సార్ అంటే ఓనరు ఉండనీలే, ఉంటే మంచిదే అంటాడు. 304 ఆయన ఖాళీ చేసి పోయినాడు, పోతాపోతా ఒక్క స్టారు ఇచ్చినాడు.

కేబులన్న:
ఆ కంప్లైంట్ ముందు క్లోజ్ చేయించు తమ్ముడూ, ఎవురో పిల్లోడు నిచ్చెనెత్తుకోని ఎండలో మీ లాడ్జీ చుట్టూ తిరుగుతాంటాడు.