పాత కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్‌కి ఏ లైనక్స్ మంచిది? 2 జీబీ ర్యామ్ సరిపోతుందా?

ప్రశ్న (చిత్తూరు, గ్రీమ్స్‌పేట)

అందరికీ నమస్కారం. మా నాన్న 2010లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. బ్రౌజర్ పాతదైపోయి సగం సైట్లు రావడం లేదు. చెల్లి డిగ్రీ చదువుతోంది. నోట్స్ టైప్ చేసుకోవాలి, యూట్యూబ్‌లో పాఠాలు చూడాలి. అప్పుడప్పుడు తిరుమల దర్శనం టికెట్లు, తెలుగులో అర్జీలు. ఇంతే పని. కొత్తది ఇప్పట్లో కొనలేం. విండోస్ 10 వేద్దామంటే దానికీ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేద్దామని చూస్తే పప్పీ, లుబుంటు, మింట్, యాంటీఎక్స్ అని దాని రకాల పేర్లు చదివాను, ఏదీ తేలడం లేదు. పైగా ప్రాపర్టీస్‌లో 32 బిట్ అని చూపిస్తోంది, కొత్తవి పడతాయో లేదో. దారి చెప్పండి.

జవాబు (తిరుపతి)

తమ్ముడూ, ముందు ఆ 32 బిట్ టెన్షన్ వదిలెయ్. అక్కడ కనపడేది మీరు వేసుకున్న విండోస్ సంగతి, ప్రాసెసర్‌ది కాదు. కోర్ 2 డ్యుయోలన్నీ 64 బిట్‌వే. ఇది తెలియక చాలామంది పాత 32 బిట్ లైనక్స్‌ల కోసం వెతుక్కుంటారు. వాటిలో క్రోమ్ కూడా పడదు.

ఇక అసలు విషయం. ర్యామ్‌ని మింగేది ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ఎక్కువగా బ్రౌజరే. ఎంత తేలికైన లైనక్స్ వేసినా, ఒక యూట్యూబ్, ఇంకో రెండు సైట్లు తెరిస్తే 2 జీబీ నిండిపోతుంది. అప్పుడు హార్డ్ డిస్క్‌ని ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది, మౌస్ కూడా కదలదు. కాబట్టి పేర్లు పోల్చుకోవడం ఆపి, ముందు ఇంకో 2 జీబీ స్ట్రిప్ సంపాదించు. పాత సిస్టమ్‌ల నుంచి తీసిన డీడీఆర్2 రిపేర్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. డీడీఆర్3 తీసుకోకు, గాడి వేరే చోట ఉంటుంది, స్లాట్‌లో కూర్చోదు. పాత స్ట్రిప్ కూడా బయటికి తీసి, బంగారు రంగు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి, రెండు పక్కలా టక్ మనేదాకా నొక్కు.

4 జీబీ అయితే లైనక్స్ మింట్ 22, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వెయ్. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, విండోస్ 7 అలవాటైన నాన్నకి కింద మెనూ చూస్తే కొత్తగా అనిపించదు. ర్యామ్ దొరక్కపోతే లుబుంటు. పప్పీ మంచిదే కానీ రోజువారీ వాడకానికి చెల్లికి ఇవ్వను. చచ్చిపోయిన సిస్టమ్‌లోంచి ఫైళ్ళు బయటికి తీయడానికి అది బంగారం.

లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. విండోస్ 7లో దాని కొత్త వెర్షన్ తెరుచుకోదు, 3.22 వాడు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ఒక పూట వాడి చూడు. నెట్, సౌండ్, ప్రింటర్ మూడూ పనిచేస్తేనే ముందుకెళ్ళు. యూట్యూబ్ 480లో పెట్టుకోమను, 1080 ఆ ప్రాసెసర్‌కి భారం.

ఇంకో జవాబు (తిరుపతి, డీటీపీ పని)

ఒక్క మాట. నాన్నగారు ఏం పని చేసేవారు? డి డ్రైవ్‌లో పేజ్‌మేకర్ (పత్రికలు, పుస్తకాల పేజీలు తయారుచేసే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్ళు ఉన్నాయేమో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఉన్నాయక్కా. నాన్న పెళ్ళి పత్రికలు చేసేవారు. అన్నీ అను ఫాంట్లలోనే. పదేళ్ళవి ఉంటాయి.

డీటీపీ అక్క

అయితే ఆ డిస్క్‌ని ఫార్మాట్ చేయొద్దు, మీ కాళ్ళు పట్టుకుంటా. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు. ఆ ఫాంటు లేకుండా తెరిస్తే తెలుగు ఉండదు, పిచ్చి అక్షరాలు వస్తాయి. పేజ్‌మేకర్ లైనక్స్‌లో నమ్మకంగా నడవదు. చిన్న ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) ఒకటి కొని మింట్ దాంట్లో వేయండి. పాత డిస్క్ వైర్లు ఊడదీసి, పేరు రాసి, కవర్లో పెట్టి దాచండి. వేగం కూడా ఎస్‌ఎస్‌డీతోనే వస్తుంది. ఇకపై తెలుగు టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ అనే కీబోర్డ్ లేఅవుట్లు వస్తాయి. నాన్నగారి చేతికి ఏది అలవాటో అడిగి అదే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

అన్నా, అక్కా, పని అయింది. ర్యామ్ రిపేర్ షాపులో దొరికింది, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాం. మింట్ నిమిషం లోపే తెరుచుకుంటోంది. ప్రింటర్ రెండోసారి పెట్టాక పట్టుకుంది. నాన్న యాపిల్ లేఅవుట్ అడిగారు, పెట్టాను. మొదట మా తాత పేరు టైప్ చేశారు. పాత డిస్క్ బీరువాలో ఉంది.